మేనత్త చొప్ప మిషన్

మా మేనత్త పోయిందని కేతేపల్లి దిక్కు నుంచి వచ్చిన గొర్ల కాపరి చెప్పిపోయాడు. జ్వరం ముదిరి, దవాఖానకు బండి కట్టేలోపే ప్రాణం పోయిందట. కబురు వినగానే ఆమె గొంతు నా చెవిలో మోగింది. గయ్యాళి గొంతని ఊరంతా వెక్కిరించిన ఆ గొంతు ఎట్లా పుట్టిందో మీకు చెప్పాలి.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు గొంతే లేదు. అప్పట్లో అదే వాడకట్టులో ఉన్న మేం మామయ్య తండ్రిని తాత అనేవాళ్లం. ఆయన పొద్దస్తమానం వాకిట్లో మంచం మీదే ఉండేవాడు. ఆయన ముందు మొగుడూ పెళ్లాం ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అది ఆ ఇంటి మర్యాద. నీళ్లు కాగాయని చెప్పాలన్నా అత్త దూడతో చెప్పేది, మామయ్య విని లేచేవాడు.

గొడ్లు జొన్న చొప్ప సగం తిని సగం తొక్కుతున్నాయని మామయ్య నల్లగొండ నుంచి చొప్ప కోసే మిషన్ తెచ్చాడు. కత్తులు బిగించిన పెద్ద ఇనుప చక్రం. ఒకరు చక్రం తిప్పాలి, ఒకరు మూతిలో చొప్ప పెట్టాలి. లోపలి పళ్ల రోలర్లు దాన్ని లాక్కుంటాయి. దానికి చేసినన్ని సేవలు కొత్తల్లుడికి కూడా ఉండవు. పచ్చి చొప్ప పెడితే పీచు రోలర్లకు చుట్టుకునేది. నట్లు వదులయ్యేవి. నూనె పోసే బెజ్జం సరిగ్గా పొట్టు రాలే చోటే పెట్టారు. అది చాలదన్నట్టు దసరాకు మావాళ్లు భక్తిగా ఆ బెజ్జం మీదే పసుపూ కుంకుమా అద్దారు. అత్త చీపురుపుల్లతో గీకి గీకి తీసింది. అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి. చేయి తీసేసినా చక్రం తన బరువుకు తాను తిరుగుతూనే ఉంటుంది, ఆపే ఉపాయం లేదు.

ఒక వానకాలం పొద్దున పచ్చి చొప్ప ఇరుక్కుంది. తీయడానికి మామయ్య చేయి పెట్టాడు. ఆగమని అనలేదు, ఎదురుగా తాత ఉన్నాడు. అత్త కొంగు ముందుకు లాక్కుని, తల వంచి తిప్పుతూనే ఉంది. చక్రం బిగిసినట్టనిపించి ఇంకాస్త బలంగా తిప్పింది. మామయ్య కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

ఊళ్లో కొందరు ఆమెను అన్నారు, కొందరు ఆయనను అన్నారు. ఆయన ఆ చేతిని తువ్వాల కింద దాచుకునేవాడు. అన్నం ముద్ద జారిపోతుంటే చూడలేక ఆమె కొట్టంలోకి పోయేది. మిషన్ మీద గోనెపట్టా కప్పేశారు. తాత దాన్ని అమ్మేయమన్నాడు.

గొడ్లు మళ్లీ సగం తొక్కుతుంటే ఎండాకాలానికి చొప్పవామి తరిగిపోయింది, గొడ్ల డొక్కలు తేలాయి. ఒకరోజు అత్త గోనెపట్టా లాగేసి మూతి దగ్గర కూర్చుంది. తాత చూస్తుండగానే మామయ్య మొహంలోకి చూసి మాట్లాడింది.

"ఇగ నువ్వు తిప్పు, నేను పెడత. తిప్పు అంటేనే తిప్పాలె, ఆగు అంటే ఆగాలె."

నీ చెయ్యి కూడా పోతే ఎట్లా అన్నాడు మామయ్య.

"ఇది చేసినోడు ఎండు చొప్పనే చూసిండు. దీనికి ఆగుడు రాదు. మనకన్న మాట్లాడుడు రావాలె గద."

తాత అగ్గి మీద గుగ్గిలమవుతాడనుకున్నాం. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన ఇచ్చిన సెలవు అదే.

అప్పటి నుంచి రోజూ ఆమె కేకలు వాడకట్టంతా వినిపించేవి. మొగుణ్ణి ఆడిస్తున్నదని ఊళ్లోవాళ్లు నవ్వితే తనూ నవ్వేది. ఆగు అన్నాక చక్రం నిలిచి, దాని ఆకుల మధ్య మామయ్య కట్టె దూర్చాకే చేయి పెట్టేది. ఆ చేయి చివరిదాకా చెక్కుచెదరలేదు. ఇవాళ నేను నలుగురిలో నోరు విప్పగలుగుతున్నానంటే ఆ గొంతు వింటూ పెరిగినందుకే. ఆ రుణం తీరేది కాదు.

దినాలకు వెళ్లాను. ఇంటినిండా చుట్టాలున్నా గొడ్లకు మేత తప్పదు కదా. అత్త కూర్చునే చోట ఈమధ్యే కాపురానికొచ్చిన ఆమె కోడలు కూర్చుంది, పెద్దల ముందు కొంగు మొహం మీదికి లాక్కుని. చొప్ప మూతిలో పెట్టి తల వంచుకుంది. మామయ్య చక్రం పట్టుకుని నిలబడ్డాడు, తిప్పలేదు.

"నోరు తెరిచి చెప్పు బిడ్డా. నువ్వు అనందే నేను తిప్ప."

మూడు వేళ్ల ఆ చేయి ఇనుము మీద అట్లాగే ఉంది. కోడలు అందరినీ ఒకసారి చూసి, కొంగు వెనక్కి తోసుకుంది.

"తిప్పు మామా."