మేస్త్రి వేసిన వంకర కుట్టు

పాత సీటు విప్పితే ముందు వాసన వస్తుంది. ఎండిపోయిన కొబ్బరి పీచు, ఏళ్ళ తరబడి పట్టిన చెమట, ఎప్పుడో ఒలికిన టీ, ఫోము అంటించే సొల్యూషను, అన్నీ కలిసిపోయిన వాసన. నిన్న మధ్యాహ్నం తెనాలిలో నా కుషన్ షాపులో ఒక పాత రెండు సీట్ల కారు సీటు తిరగేసి అడుగున గోనెపట్టా లాగాను. ఆ వాసన తగలగానే కత్తెర పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను. పని మొదలుపెట్టకముందే అలిసిపోతున్నావని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు. నిజమే, నడుము మునుపటిలా వంగడం లేదు. కానీ ఇలాంటి కారు వచ్చినప్పుడు పట్టుకునే అలుపు నడుముది కాదు. ఏడుకొండలు మేస్త్రి గారు గుర్తొస్తారు, ఇక ఆ పూట పని సాగదు.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య తిరిగే కార్లలో చాలావాటికి సీట్లు ఆయనే కుట్టారు, కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. సూర్యలంకలో వేట మీద బతికే ఇంట్లో పుట్టారు. పడవెక్కితే కడుపులో తిప్పేదట. వేటకి పనికిరాని కొడుకని ఒడ్డున కూర్చోబెట్టి వలలు బాగుచేయించేవాళ్ళు. ఆ చేతులే తర్వాత తెనాలి వచ్చి సీట్ల పనిలో కుదురుకున్నాయి. పొట్టి మనిషి, మాట తక్కువ. నాకు పని నేర్పింది ఆయనే, షాపు అప్పగించింది ఆయనే. ఆయన పేరు పోగొట్టింది మాత్రం నేను. ఈ మాట రాయడానికి చాలా ఏళ్ళు ఆగాను, ఇంకా ఆగితే రాయకుండానే పోతానని ఇప్పుడు రాస్తున్నాను.

నాకప్పుడు ముప్పై ఏళ్ళు. ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. ఒకరోజు ఆయన చేతిలో రెగ్జిన్ ముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, జాకెట్టు మెడకి పైపింగు బాగా వేస్తారంట కదా. దీనికి వెయ్యగలరా?"

"రెగ్జిన్ అండీ ఇది. నా మిషను లాగదేమో."

"మిషను నా దగ్గరుంది. చెయ్యే లేదు."

ఆయన దగ్గర పనిచేసే అతను హైదరాబాదు వెళ్ళిపోయాడట. చేతినిండా పని, కుట్టేవాళ్ళు లేరు. నేను నాలుగు రోజులకని వెళ్ళాను. నాలుగు రోజులు తిరిగేసరికి ఆయన నాకు బాబాయ్ అయ్యారు, నాగమణి అన్న నా పేరు మణి అయింది. ఆడమనిషికి కార్ల దగ్గర పనేంటని వీధిలో రెండు నెలలు చెప్పుకున్నారు. తర్వాత వాళ్ళకే విసుగు పుట్టింది.

ఏ సీటైనా విప్పేముందు ఆయన అందులో కాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నాకు నవ్వొచ్చేది, కునుకు తీస్తున్నారనుకునేదాన్ని. ఒకసారి అమృతలూరు నుంచి ఒక డాక్టరు గారు కారు తెచ్చారు. బాబాయ్ లేచి, "తమరు కుడివైపుకి వాలి కూర్చుంటారండి. అటు ఫోము కాస్త గట్టిది వేస్తాను" అన్నారు. డాక్టరు గారికి కోపమొచ్చింది. "నేను నిటారుగానే కూర్చుంటానయ్యా" అన్నారు, అనడం కూడా కుడివైపుకి వాలే అన్నారు. "అలాగేనండి" అని బాబాయ్ తాను అనుకున్నట్టే చేశారు. ఆరు నెలల తర్వాత డాక్టరు గారు రెండో కారు పంపించారు. వాదించకుండా గెలిచే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

నేను చేరిన మూడో ఏట రేపల్లె నుంచి ప్రసాదరావు గారి కారు వచ్చింది. ఆయనకి రైసు మిల్లుంది. వయసులో ఉండగా ముచ్చటపడి కొనుక్కున్న ఎర్ర స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, మోకాళ్ళ ఎత్తు ఉంటుంది, మిల్లు గోడౌనులో ఇరవై ఏళ్ళు పడి ఉంది. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి, ఎక్కడ తట్టినా తవుడు రాలేది. దాన్ని మళ్ళీ మొదటిలా చేయించాలని ఆయన పంతం. మద్రాసు నుంచి అసలైన తోలు తెప్పించారు, సరిగ్గా సరిపోయేంత. జానెడు కూడా ఎక్కువ లేదు.

"తోలు పని చూస్తూ ఉండు మణీ. ఇప్పుడే చెయ్యి పెట్టకు" అన్నారు బాబాయ్.

నాకు చిన్నతనమనిపించింది. మూడేళ్ళు రెగ్జిన్ కుట్టాను, గుడ్డ కుట్టాను, ఇంకా చూస్తూ ఉండాలా అని మూతి ముడుచుకున్నాను. అప్పటికి ఇంకొకటి కూడా గమనిస్తున్నాను. సాయంత్రం టీ తాగేటప్పుడు బాబాయ్ చేతిలో గ్లాసు వణికేది. ఒకసారి చొక్కా మీద పోసుకున్నారు కూడా. నేను చూసీ చూడనట్టు ఉండిపోయాను.

ఆ రోజు ప్రసాదరావు గారు నాలుగింటికి వస్తానన్నారు. బాబాయ్ పొద్దున్నంతా కూర్చుని డ్రైవరు సీటు వీపుభాగం కుట్టి, బల్ల మీద పరిచి, భోజనానికి ఇంటికెళ్ళారు. నేను దగ్గరికెళ్ళి చూశాను. పై నుంచి కింది దాకా తిన్నగా రావాల్సిన కుట్టు మధ్యలో బయటికి వంగి ఉంది. వణికే గ్లాసు, వంకర కుట్టు, రెండూ కలిపేసుకున్నాను. నాలుగింటికి ఆ పెద్దమనిషి వచ్చి ఇది చూస్తే బాబాయ్ పరువేం కాను అనుకున్నాను. ఆయన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను, అబద్ధం చెప్పను. కానీ తోలు మీద చెయ్యి పెట్టాలన్న ఆశ కూడా అందులో కాస్త ఉంది.

కుట్టు విప్పాను. తోలులో సూది పడిన బెజ్జం పూడదని నాకు తెలుసు. అందుకే జాకెట్టు వదులైతే పట్టినట్టు, పాత బెజ్జాలు కనపడకుండా లోపలికి పట్టి తిన్నగా కుట్టాను. గీత గీసినట్టు వచ్చింది. నాకు నేనే మురిసిపోయాను.

నాలుగింటికి ప్రసాదరావు గారు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. బాబాయ్ ఆ కవరు తీసి ఫోము మీద తొడిగి కిందికి లాగారు. రాలేదు. మోకాలు ఆనించి మళ్ళీ లాగారు. పాత బెజ్జాల వరస, నా కొత్త బెజ్జాల వరస పక్కపక్కనే ఉన్నాయి. క్యాలెండరు కాగితం చించినట్టు తోలు ఆ వరస వెంట జానెడు చిరిగింది.

"ఏంటండీ ఇది? ఎవరు కుట్టారు దీన్ని?" అన్నారు ప్రసాదరావు గారు, లేచి నిలబడి.

బాబాయ్ చిరిగిన అంచు ఎత్తి కుట్టు మీద బొటనవేలు నడిపారు. నా కుట్టు సన్నగా, దగ్గరగా పడుతుంది, జాకెట్ల అలవాటు. ఆయనకి అర్థమైపోయింది. నా వైపు చూడలేదు.

"నేనేనండి. ఈమధ్య చెయ్యి వణుకుతోంది. అది దాచి పని ఒప్పుకోవడం నాదే తప్పు."

నేను మిషను పక్కనే నిలబడి ఉన్నాను. ప్రసాదరావు గారు కాసేపు కేకలేసి, పెద్దాయన ముఖం చూసి తగ్గి, రేపు లారీ పంపి కారు తీసుకెళతానని వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది. "బాబాయ్, నేనే విప్పి లోపలికి పట్టాను" అన్నాను.

"తెలుసులే. టీ చెప్పు" అన్నారు.

ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాకు ఒక ఓదార్పు దొరికింది. చెయ్యి వణకడం నిజమే కదా, మొదటి కుట్టు వంకరే కదా, నాది రెండో తప్పే కదా అనుకున్నాను. ఆ ఓదార్పు మీద చాలాకాలం హాయిగా నిద్రపోయాను.

మాట మాత్రం ఆగలేదు. డ్రైవర్ల నోట రేపల్లె నుంచి తెనాలి వచ్చింది, బాపట్ల వెళ్ళింది. మేస్త్రి చేతులు పోయాయట అన్నారు. పాత ఖాతాదార్లే వచ్చి ఆయన ఎదుటే, "మీరొద్దులెండి, అమ్మాయి చేత కుట్టించండి" అనేవాళ్ళు. ఆయన "అలాగేనండి" అని స్టూలు జరిపి నాకు చోటిచ్చేవారు. ఏడాది గడిచేసరికి ఆయన చేతికి పనే లేకుండా పోయింది. తాళాలు నాకిచ్చి సూర్యలంక వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళిన ఆరేళ్ళకి బాపట్ల నుంచి ఒక లెక్చరరు గారు ఇలాంటి కారే తెచ్చారు. మళ్ళీ తోలు పని. ఈసారి భయంతో ముందు ఒక పాత తోలు ముక్క మీద కుట్టి చూసుకున్నాను. రెగ్జిన్‌కి కుట్టినట్టే తిన్నగా కుట్టి, ఈ కారుకుండే ఉబ్బెత్తు ఫోము మీదికి లాగితే కుట్టు లోపలికి వంగిపోయింది. మళ్ళీ కుట్టాను, మళ్ళీ వంగింది. మూడోసారి విసుగొచ్చి, మధ్యలో బయటికి వంచి కుట్టి లాగాను. గీత గీసినట్టు తిన్నగా నిలబడింది.

ఆ వంపు నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం బల్ల మీద చూసిందే. ఆయన చెయ్యి వణకలేదు, కావాలనే అలా కుట్టారు. సరైన కుట్టు విప్పి పాడుచేసింది నేను. ఆ వారం మిషను ముట్టుకోలేదు.

ఆదివారం రైల్లో బాపట్ల దిగి ఆటోలో సూర్యలంక వెళ్ళాను. గుంటూరు నుంచి వచ్చిన జనం బీచి నిండా కేరింతలు కొడుతున్నారు. ఆయన వాళ్ళకి దూరంగా ఒక పాక నీడలో వల ముందేసుకుని కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి, దారం వల కన్ను ఒక్కటీ తప్పకుండా పోతోంది. చెయ్యి ఇసుమంత కదలడం లేదు.

"మరి అప్పట్లో టీ గ్లాసు వణికేది కదా బాబాయ్?"

"పొద్దుట్నుంచీ కవర్లు లాగితే ఎవరికి వణకదు? నీకు వణకట్లా?"

వణుకుతోంది. రోజూ సాయంత్రం. నేను దాన్ని ఎప్పుడూ జబ్బనుకోలేదు.

"ఆ కుట్టు సరైందేనని అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"మానేసి వెళ్ళిపోయేదాన్ని."

"అందుకే" అన్నారు. వల రెండో వైపు తిప్పుకుని, "నాకు పేరుండి మాత్రం ఎన్నాళ్ళు కుడతానే. నీకింకా మొదలే గదా. ఇప్పుడు తవ్వబాక. చేపలు తీసుకెళ్ళు, మీ పిన్ని కడిగి ఇస్తది" అన్నారు.

మరుసటి వానాకాలంలో ఆయన పోయారు. దినాలయ్యాక నేనిక ఉండబట్టలేక రేపల్లె వెళ్ళాను. ప్రసాదరావు గారు మిల్లు వరండాలో ఉన్నారు, పెద్దవారైపోయారు. నిలబడే అంతా చెప్పాను. మేస్త్రి గారి చెయ్యి వణకలేదని, ఆయన కుట్టు సరైందని, విప్పి చెడగొట్టింది నేనని, ఆ రోజు ఎదురుగా ఉండి నోరు మెదపలేదని.

ఆయన చివరిదాకా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, వణుకుతోందని ఆయనే స్వయంగా నాకు చెప్పారు. పోయినాయన మాట పడకూడదని నీ మీద వేసుకుంటున్నావు. ఈ రోజుల్లో ఎవరుంటారమ్మా ఇలా" అన్నారు.

"కాదండీ, నిజంగా నేనేనండి" అన్నాను.

వినలేదు. లోపల్నుంచి మజ్జిగ తెప్పించారు, గేటు దాకా వచ్చి నాకు దణ్ణం పెట్టారు. నెల తిరగకుండా ఆ కథ తెనాలికి వచ్చింది. షాపుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ నన్ను చూపించి, గురువు తప్పు నెత్తిన వేసుకున్న మనిషి అని పిల్లలకి చెబుతారు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ జనం నోట నా మంచితనం ఇంకాస్త పెరిగేది, ఆయన చెయ్యి ఇంకాస్త వణికేది. ఇప్పుడు తల వంచుకుని కుట్టుకుంటూ ఊరుకుంటున్నాను.