గాజుల మీద గుడ్డ పీలిక

మా కెప్టెనక్కతో వేగలేక చచ్చేవాళ్ళం. నలభైల నాటి బెంగళూరులో ఆడపిల్ల హాకీ కర్ర పట్టడమే వింత. ఇంట్లోవాళ్ళను ఎట్లాగో ఒప్పించి మేం మైదానానికి పరిగెత్తుకొస్తే, ఈమె మాత్రం అందరికీ వీపు తిప్పి కూర్చుని, ఎడమచేతి గాజుల మీద పాత చీర పీలిక చుట్టుకుంటూ ఉండేది. అంపైరమ్మ ఈల మీద ఈల వేసేది. కెప్టెనక్క లేస్తేనా!

"ఉండండప్పా, వస్తాండా" అనేది తాపీగా.

మా నాయనకు బళేపేటలో గాజుల అంగడి. "ఆడేటప్పుడు తీసి పెట్టక్కా, పగిలితే మా అంగట్లో కొత్తవి తొడిగిస్తాం" అని మొత్తుకునేదాన్ని.

"చేయి బోసిగా ఉంటే మా అత్త ఇంట్లోకి రానీదు మే" అనేది.

దేశం జట్టుకు ఆటగత్తెలను ఎంచేవాళ్ళు వచ్చిన రోజూ అదే తంతు. ఒళ్ళు మండి, దగ్గరికెళ్ళి ఆ పీలికను లాగేశాను.

మణికట్టు నల్లగా కమిలి వాచిపోయి ఉంది. గాజులు కండలోకి దిగబడ్డాయి. తీస్తే వచ్చేవి కావు, పగలగొట్టాల్సిందే. పుణ్యస్త్రీ చేతి గాజులు పగలగొట్టమని గాజులమ్మేవాడి కూతురు ఏ నోటితో చెబుతుంది?

"ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉండాదక్కా?"

"ఇది చూస్తే వాళ్ళు నన్ను జట్టులోకి ఎత్తుకోరు మే. బిగించి కట్టు" అని చేయి నా ఒళ్ళో పెట్టింది.

తర్వాత ఆ చేత్తోనే దేశం జట్టుకు కెప్టెన్ అయింది. ఆ రోజు మాత్రం అంపైరమ్మ మళ్ళీ ఈల వేసింది. ముడి బిగిస్తూ, తల తిప్పకుండా నేనే అరిచాను:

"ఉండండప్పా, వస్తాండాం!"