అందరి క్షేమం అడిగిన మాణిక్యాంబగారు

కొత్తపేట బాలికల పాఠశాలలో చిరకాలం ఉపాధ్యాయినిగా ఉండి, మా వంటి ఎందరికో అక్షరంతోపాటు ఆరోగ్యాన్ని కూడా ప్రసాదించిన మాణిక్యాంబగారు కిందటి వారం పరమపదించారు. అమలాపురంలో నేను పిల్లలకు పాఠం చెబుతూ ఉండగా, నా చిన్ననాటి స్నేహితురాలు సీతామహాలక్ష్మి బస్సు దిగి తిన్నగా బడికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "పంతులమ్మగారు పోయేరే. పొద్దున్న పాలమనిషి తలుపు కొడితే పలకలేదుట" అన్నది. నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. దుఃఖం కంటె ముందు నాకు సిగ్గు కలిగింది. ఆ సిగ్గు మాట దాచి ఆమె గుణగానం చేయడం నాకు చేతకాదు.

బాల్యంలోనే వైధవ్యం ప్రాప్తించినా, అన్నగారి ప్రోత్సాహంతో రాజమహేంద్రవరంలో ట్రెయినింగు పూర్తిచేసి మా ఊరు వచ్చారామె. సన్నని, పొడుగాటి విగ్రహం. ముతక తెల్లచీర. వీధి చివరికి వినిపించే కంఠం. పొద్దున్న బడిలో హాజరు వేస్తూనే ప్రతి పిల్లనూ, "రాత్రి నిద్ర పట్టిందా? ఏం తిని వచ్చేవు?" అని అడిగేవారు. చద్దన్నమైనా తినకుండా వచ్చిన పిల్లను ముందు కోప్పడి, తరవాత ఇంటికి పంపించి తినిరమ్మనేవారు. "ఆకలితో ఉన్న పిల్లకి ఎక్కం రాదు. ఏడుపు దిగమింగుకున్న పిల్లకి అసలే రాదు" అనేది ఆమె సిద్ధాంతం. తాను మాత్రం ఒంటిపూట భోజనంతో సరిపెట్టుకునేవారు. అది చూసి మేమెవ్వరమూ ఏమీ అనుకోలేదు.

ఒకసారి ఇనస్పెక్టరుగారు తనిఖీకి వచ్చినప్పుడు ఒక పిల్ల బల్లమీద తలవాల్చి నిద్రపోతోంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మాణిక్యాంబగారు తొణక్కుండా, "తమ్ముడికి జ్వరమండీ. వాళ్ళమ్మ పురిట్లో ఉంది. రాత్రంతా ఇదే విసురుతూ కూచుందిట. లెక్క రేపైనా చెప్పచ్చండి, నిద్ర ఇప్పుడే పోవాలి" అన్నారు. ఆయన కాసేపు ఆ పిల్లను చూసి, తక్కిన ప్రశ్నలన్నీ గొంతు తగ్గించి అడిగి వెళ్ళారు.

నాకు ఆమె చేసిన ఉపకారం చెప్పాలి. మా అత్తవారిదీ కొత్తపేటే. నా మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. నెలలు గడిచినా నేను మనిషిని కాలేకపోయాను. తల దువ్వుకోబుద్ధి కాదు, అన్నం సయించదు, ఎవరు పలకరించినా జవాబు రాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మా అత్తగారు చెడ్డవారు కారు, భయపడ్డారు. ఒకనాడు బడి వదలగానే మాణిక్యాంబగారు మా ఇంటికి వచ్చారు.

"వదినగారూ, అమ్మాయిని నాతో కాలవగట్టు దాకా పంపించండి" అన్నారు.

మా అత్తగారు, "ఇంట్లోంచి కాలు బయట పెట్టదండీ. పైగా కోడలు గట్టుమీద షికారు తిరుగుతోందంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు.

"అనుకోనివ్వండి. కాలు విరిగితే కట్టు కట్టిస్తాం కదండీ. మనసు విరిగినా ఊరుకోకూడదండి. కాస్త గాలీ, కాస్త తిండీ, పక్కని ఒక మనిషీ ఉండాలి."

"మళ్ళీ మామూలు మనిషవుతుందంటారా?"

"ఆయ్, అవుతుందండి. నెమ్మదిగా అవుతుంది."

మొదటిరోజు కాలవ లాకుల దాకా కూడా నడవలేకపోయాను. రేవులో బట్టలు ఉతికే ఆడవాళ్ళు చేతులు ఆపి మమ్మల్ని చూశారు. ఆమె వాళ్ళనూ కుశలమడిగి ముందుకు నడిచారు. ధైర్యం చెప్పలేదు, వేదాంతం చెప్పలేదు. బిడ్డ ఊసే ఎత్తలేదు. మర్నాడు మళ్ళీ వచ్చారు. వానజల్లులో గొడుగు పట్టుకుని వచ్చారు. అలా నడవగా నడవగా ఒక సాయంత్రం గట్టుమీద చతికిలబడి భోరున ఏడ్చాను. ఆమె నా వీపుమీద చెయ్యివేసి, "ఏడవ్వే తల్లీ, ఎవరూ వద్దనరు" అన్నారు. ఆ పూట ఇంటికి వెళ్ళి నా అంతట నేనే అన్నం పెట్టమని అడిగాను. మా అత్తగారు వడ్డిస్తూ కళ్ళు తుడుచుకున్నారు.

తరవాత్తరవాత ఆ నడకకు ఇంకా కొందరు తోడయ్యారు. మోకాళ్ళ నొప్పులని మా అత్తగారే బయలుదేరారు. కాపరంలో చికాకులు, కడుపులో నొప్పులు, ఎవరికీ చెప్పుకోలేని దిగుళ్ళు ఆ గట్టుమీద అందరూ మాణిక్యాంబగారికి చెప్పుకునేవారు. "రోజులో ఒక్క ఘడియ మీ కోసం కూచోండి. ఆ ఘడియలో ఎవరికీ వడ్డించకండి, ఎవరికీ సంజాయిషీ చెప్పకండి" అని ఆమె అందరికీ బోధించేవారు. నన్ను పంతులమ్మ పనికి చదివించమని మావారిని ఒప్పించింది కూడా ఆమే.

మేము అమలాపురం వచ్చేశాం. ఆమె ఉద్యోగం విరమించారు. నేను కొత్తపేట వెళ్ళినప్పుడల్లా నా తలనొప్పులు, పిల్లల చదువులు, మావారి కోపాలు మూటకట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. వాటిని అక్కడ దింపుకుని తేలికపడి వచ్చేదాన్ని.

మొన్న వేసవిలో అలాగే వెళ్ళాను. నా మాటల మధ్యలో ఆమె, "ఈమధ్య నాకు నిద్ర పట్టడం లేదే. గట్టుకి వెళదామన్నా కాళ్ళు రావడం లేదు. ఒక్కర్తినీ కూచుంటే అదోలా ఉంటోంది" అన్నారు.

నేను నవ్వాను. "మీకేమిటండీ, మా అందరికీ చెప్పేవారు మీరు" అన్నాను.

ఆమె కూడా చిన్నగా నవ్వారు. "అంతేలే" అని, మా చిన్నవాడి దగ్గు ఎలా ఉందని అడిగారు. నేను ఆ దగ్గు సంగతి విస్తారంగా చెప్పాను. ఎప్పుడూ బస్సు దాకా సాగనంపే మనిషి ఆవేళ గుమ్మంలోనే ఆగిపోయారు. గమనించలేదని అబద్ధమాడను. గమనించాను. బస్సు తప్పిపోతుందని గబగబా నడిచాను.

నేను నోరు విప్పకపోయినా నా వ్యాధిని ఆమె కనిపెట్టారు. ఆమె నోరు విప్పి చెప్పినా నేను వినలేదు. దగ్గర కూచుని ఏం తింటున్నారని అడగగలిగేదాన్ని. డాక్టరుకు చూపించగలిగేదాన్ని. ఏమీ లేకపోతే, పక్కన నడవగలిగేదాన్ని. ఆరోగ్యసూత్రాలు తెలిసినవారికి ఆపద రాదనే భ్రమ మాకెలా కలిగిందో తెలియదు. బహుశా ఆ భ్రమ మాకు సుఖంగా ఉండి ఉంటుంది.

వార్త తెలిసిన రోజే కొత్తపేట వెళ్ళాను. ఆమె అరుగుమీద ఊరి ఆడవాళ్ళందరూ చేరారు. తన కూతురు గండం గడిచిందంటే ఆమె చలవేనని ఒకావిడ, తాను నూతిలో పడకుండా ఆమె మాటే ఆపిందని మరొకావిడ చెప్పుకుని ఏడుస్తున్నారు. ఆ వీధికి కొత్తగా కాపరానికి వచ్చిన అమ్మాయి అంతా విని, "ఆవిడకేం జబ్బండీ?" అని మెల్లిగా అడిగింది.

గుండె అయి ఉంటుందన్నారు ఒకరు. వయసన్నారు మరొకరు. మాలో ఒక్కరికీ తెలియదు.

ఆ మహనీయురాలి స్థానం మా కోనసీమలో మరొకరు పూరించలేరు. ఆమె ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థించబోతే నాకు నోరు రావడం లేదు. శాంతిగా ఉన్నారా అని ఆమె బ్రతికి ఉండగా అడగవలసింది.