గ్రానైట్ గోళం బరువు

దయ్యాల మాటెత్తితే నాకు భయం కాదు, అసహ్యం పుడుతుంది. ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు అని ఎవరైనా మొదలుపెడితే లేచిపోయేదాన్ని. అలాంటిదాన్ని, ఇది రాయాల్సి రావడం నాకే రోతగా ఉంది.

నంద్యాలలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. ఆళ్లగడ్డలో ఒక శిల్పాల షెడ్డుకు మా ఓనరు ప్రోగ్రాం అమ్మాడు. స్తంభం, గోపురం, గోళం, ఏ ఆకారానికి ఆ సూత్రం షెడ్డువాళ్లే టైపు చేసుకుంటారు. కొలతలిస్తే డేటాబేసు రాయి బరువు చెబుతుంది. ఆ బరువును బట్టే నంద్యాల నుంచి క్రేన్ వెళ్తుంది. రాయిని ముందుగా ఎవరూ వచ్చి చూడరు.

ఘాతానికి అందరూ టోపీ గుర్తు పెడతారు. 2^3 అంటే రెండును మూడుసార్లు వేసి గుణిస్తే ఎనిమిది అని వాళ్ల ఉద్దేశం. మేం వాడే డేటాబేసులో ఆ గుర్తుకు అర్థమే వేరు. అది గుణించదు, రెండు అంకెల బిట్లను పోలుస్తుంది; 2^3 అంటే ఒకటి అంటుంది. ఓనరుకు ముందే చెప్పాను.

"అమ్మేసినాం లేమ్మా, గమ్మునుండు" అన్నాడు, అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ. సర్వర్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంది; నేను చూడగలను గానీ మార్చలేను.

ఒక ఉదయం షెడ్డు మేస్త్రి ప్రభుదాసన్న కొత్త గోళం కొలతలు ఎక్కించాడు. రెండడుగుల వ్యాసార్థం. రెండున్నర టన్నుల రాయికి నా ల్యాప్‌టాప్‌లో మూడువందల చిల్లర కిలోలు చూపిస్తోంది. ప్రభుదాసన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చిన్న క్రేన్ వస్తే కింద నిలబడ్డ మనిషి మిగలడు. ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారంతా ఫోన్ చేస్తూనే ఉన్నాను.

షెడ్డు ముందు పెద్ద క్రేన్ ఉంది.

"ఏందమ్మా, ఇంత దూరం వచ్చినావ్?" అన్నాడు ప్రభుదాసన్న. తెర చూపించాడు. అదే సూత్రం, అదే టోపీ గుర్తు. బరువు మాత్రం రెండున్నర టన్నులు. "నువ్వే బాగు చేసినావనుకుంటాండా."

నేనేమీ చేయలేదు. నా కళ్లముందే మళ్లీ లెక్క నొక్కాడు. మూడువందల చిల్లర వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా అదే.

టోపీలన్నీ తీసేయించి, వ్యాసార్థాన్ని మూడుసార్లు రాసి గుణించేలా సూత్రాలు మార్పించి వచ్చాను. ప్రోగ్రాంను ఎవరైనా ముట్టుకున్నారేమోనని వరుస వరుసా వెతికాను. ఆనవాలు లేదు.

ఓనరుకు చెప్తే, "సరిగ్గానే వచ్చింది గదా, ఇంకేందీ నీ బాధ?" అన్నాడు. ఆ సాయంత్రమే కోయిలకుంట్ల పార్టీకి అదే ప్రోగ్రాం చూపిస్తూ, లెక్క తప్పే సమస్యే లేదని నవ్వాడు.

ఆ పొద్దు సరైన లెక్క ఎవరు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. చేయాల్సినవాడు మాత్రం చేయలేదు.