ఆపా ఇచ్చే రెండు రింగులు

దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో ఫోను మోగితే రెండు రింగులకే ఆగిపోవాలి. కొన్నేళ్లుగా అదే అలవాటు. ఒక ఆదివారం ఆగలేదు. మూడోది మోగింది, నాలుగోది మోగింది. ఎత్తితే ఆపా వాళ్లాయన గొంతు. "చెల్లె, మీ ఆపా మధ్యాహ్నం పోయింది" అన్నాడు. ఆయన వెనకాల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెకూ నాకూ చుట్టరికం లేదు. ఆర్మూర్‌లో ఆమె నడిపిన కంప్యూటర్ సెంటర్‌లో కొన్నేళ్లు ఆమెతో పాటు నేనూ పాఠాలు చెప్పాను. మాది పసుపూ మక్కలూ పండించే ఇల్లు. కంప్యూటర్ అంటే ఒక రకం టీవీ అని మా నాయన చివరిదాకా నమ్మాడు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నాకు యూనిక్స్ కమాండ్లు నేర్పి, పక్కన కుర్చీ వేసి, "ఇగ నువ్వు చెప్పు, నేను వింట" అని విద్యార్థుల వరసలో వెళ్లి కూర్చున్న మనిషి ఆమె. మధ్యలో ఒక్కసారి కూడా నన్ను దిద్దలేదు. అందరూ వెళ్లాక మాత్రం తప్పులన్నీ ఏకరువు పెట్టింది.

సెంటర్ ఉన్నది భాయ్‌సాబ్ పసుపు పాలిష్ షెడ్డు పైన. ఆపా వాళ్లాయన్ని నేను భాయ్‌సాబ్ అనేదాన్ని. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములు కింద పెద్ద ఇనప డ్రమ్ములో తిరిగి తిరిగి, పొట్టు వదిలి మెరుస్తూ బయటికి వచ్చేవి. ఆ పొట్టంతా దుమ్మై మెట్లెక్కి మా గదిలోకి వచ్చేది. ఆపా తన పాత దుపట్టాలు కత్తిరించి కంప్యూటర్లన్నిటికీ ముసుగులు కుట్టింది. రోజూ పొద్దున తడిగుడ్డ గట్టిగా పిండి ముందు ఫోను, తర్వాత కీబోర్డులు తుడిచేది. సెంటర్‌కూ, పక్కనే ఉన్న వాళ్లింటికీ కలిపి ఆ ఫోనొక్కటే.

భాయ్‌సాబ్‌ను మాత్రం గడప దాటనిచ్చేది కాదు. ఆయన పసుపు చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడేవాడు. ఫోను వస్తే ఆపానే రిసీవర్ ఆయన చెవి దగ్గర పెట్టేది. "ఊరంత నా పసుపు తింటది, నీ మిషన్లకే పడదు" అని ఆయన గొణిగేవాడు. ఆపా నవ్వేది గానీ గుడ్డ కింద పెట్టేది కాదు.

ఆ రోజుల్లో మేం చెప్పే పాఠాల్లో అందరికీ కొరుకుడు పడనిది రిమోట్ ప్రొసీజర్ కాల్. ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, తీగకు అటు చివర ఉన్న ఇంకో కంప్యూటర్‌తో పని చేయించుకోవడం. అది కుదురుతోందా లేదా అని చూడటానికి మా వాళ్లంతా పింగ్ అనే కమాండ్ కొట్టేవాళ్లు. అటు నుంచి జవాబులు వరసగా తెర మీద దిగుతుంటే సంబరపడిపోయేవాళ్లు. ఆ జవాబులకు అవతలి కంప్యూటర్ ఉందనే అర్థం, అందులోని ప్రోగ్రాం పని చేస్తోందని కాదు. ఆపాకు ఆ సంబరం చూస్తే ఒళ్లు మండేది. కింది నుంచి ఒక పసుపు కొమ్ము తెప్పించి అందరి ముందూ పట్టుకుని చూపించేది. పైన మెరుస్తోంది గదా అని మీ భాయ్‌సాబ్ ఒప్పుకుంటాడా, విరిచి లోపలి రంగు చూడందే సంచిలో వేస్తాడా అని అడిగేది. తర్వాత పుటుక్కున విరిచేది.

విరిచి చూడటానికి ఆమె వాడిన పనిముట్టు ఆర్‌పీసీ ఇన్ఫో అనే చిన్న కమాండ్. దాన్ని మార్కెట్ యార్డు లెక్కన చెప్పేది. యార్డు గేటు దగ్గర ఒక మనిషి ఉంటాడు. రైతుల సరుకు అమ్మిపెట్టే ప్రతి అడ్తిదారూ పొద్దున్నే వచ్చి తాను ఏ షెడ్డులో కూర్చుంటున్నాడో ఆ మనిషికి చెప్పి లోపలికి పోవాలి. బండి తోలుకొచ్చిన రైతు గేటు దగ్గర అడిగి నేరుగా అక్కడికి పోతాడు. కంప్యూటర్‌లో కూడా గేటు దగ్గర అలాంటి ప్రోగ్రాం ఒకటుంటుంది. ఆర్‌పీసీ ఇన్ఫో ముందు ఆ గేటు మనిషిని అడిగి ఎవరెవరు ఎక్కడున్నారో చూపిస్తుంది. ఆ తర్వాత మనకు కావలసిన ప్రోగ్రాం దగ్గరికే పోయి ఒక ఉత్త పిలుపు పిలుస్తుంది. ఆ పిలుపులో అడిగేది ఏమీ ఉండదు, అటు నుంచి తెచ్చేదీ ఉండదు. ప్రోగ్రాం బతికుండి వింటుంటే "రెడీ అండ్ వెయిటింగ్" అని ఒక్క వరస తెర మీద పడుతుంది. అంతే.

ఏమీ అడగని పిలుపు ఎందుకు మేడం అని ఒక అమ్మాయి అడిగింది. మెండోర నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. ఆపా ఆమె వైపు తిరిగి, "నిన్న ఇంటికి పోయినంక నాకు ఫోన్ చేసినవు గదా, ఏం మాట్లాడినవు?" అంది.

ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకూడదు కూడా. అది ఆపా పెట్టిన పద్ధతి. మెండోర నుంచో సిరికొండ నుంచో వచ్చే అమ్మాయిలు సాయంత్రం ఊరు చేరగానే, ఎవరింట్లో ఫోనుంటే వాళ్లింటి నుంచి సెంటర్‌కు రెండు రింగులు ఇచ్చి పెట్టేయాలి. ఆపా ఎత్తదు. ఎంతమంది వెళ్లారో అన్నిసార్లు మోగిందాకా ఫోను పక్కనే కూర్చుని బఠాణీలు వొలుచుకునేది, బియ్యం ఏరుకునేది. ఒకటి తగ్గితే బుర్ఖా తొడుక్కుని బస్టాండుకు బయల్దేరేది. భాయ్‌సాబ్‌కు ఈ తతంగం అర్థమయ్యేది కాదు. "మాట్లాడని ఫోన్ గూడ ఒక ఫోనేనా" అని మెట్ల మీద నుంచే వెక్కిరించేవాడు. నిజం చెప్పాలంటే మొదట్లో నాకూ చాదస్తంగానే అనిపించింది.

అమ్మాయిల మొదటి బ్యాచ్ చివరికి వచ్చిన ఏడాది సెంటర్‌కు గుర్తింపు కోసం ఇన్‌స్పెక్షన్ పడింది. గుర్తింపు లేకపోతే మేమిచ్చే సర్టిఫికెట్‌తో ఎక్కడా ఉద్యోగం రాదు. ఈ ఒక్క ఏడాదీ చూస్తాం, ఆ తర్వాత పంపేది లేదని ఇళ్లలో పెద్దవాళ్లు ముందే చెప్పి ఉన్నారు. అదంతా ఆపాకు తెలుసు. వాళ్లింటికి వీళ్లింటికి తిరిగి, ఛాయ్‌లు తాగి, ఒప్పించి తెచ్చింది ఆమే మరి.

అమ్మాయిలు ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. ఒక కంప్యూటర్‌లో ఊరి పేరు కొడితే, గదిలో ఆ మూలనున్న రెండో కంప్యూటర్ ఆ ఊరికి బస్సు ఎప్పుడుందో వెతికి చెప్పాలి. వారం నుంచీ బ్రహ్మాండంగా నడుస్తోంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేరోజు భాయ్‌సాబ్ సీజన్ అని కూడా చూడకుండా డ్రమ్ము ఆపేశాడు. ఆపా పొద్దున్నే వచ్చి మెట్లు కడిగింది. ముసుగులు ఉతికినవి వేసింది. వచ్చిన పెద్దమనిషి మంచివాడే. ఎండన పడి వచ్చాడు, నీళ్లు తాగాడు, తిరుగు బస్సు సంగతి రెండుసార్లు అడిగాడు. నేను పింగ్ కొట్టి చూపించాను. జవాబులు టకటకా దిగాయి. నెట్‌వర్క్ బాగుందమ్మా, ఇక చాలు అని ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సార్, జర ఆగుండ్రి. పిల్లల పని సూడలే మీరు" అంది ఆపా.

మెండోర అమ్మాయి కూర్చుని తన ఊరి పేరు కొట్టింది. బస్సు టైం రాలేదు. ప్రోగ్రాం నమోదు కాలేదని తప్పు చూపించింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టేసుకుంది. పెన్ను తీసిన మనిషిని ఆపడం ఎందుకని నాకు ఆపా మీద పట్టలేనంత కోపం వచ్చింది.

ఆపా కంగారుపడలేదు. కుర్చీ లాక్కుని ఆర్‌పీసీ ఇన్ఫో కొట్టింది. అవతలి కంప్యూటర్‌లో గేటు మనిషి ఒక్కడే కనబడ్డాడు. లోపల ఇంకెవరూ ఉన్నట్టు ఆ గేటు మనిషికి తెలీదు. ఆపా లేచి ఆ కంప్యూటర్ దగ్గరికే పోయి చూస్తే బస్సుల ప్రోగ్రాం నిక్షేపంగా నడుస్తోంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"సార్, తప్పు నాది. మీరు వస్తున్నరని పొద్దుగాల సాఫ్ చేసిన. గదితో పాటు మిషన్ల లోపల గూడ అన్ని బంద్ చేసి మళ్ల చాలు చేసిన. ముందు గేటు తెరవాలె, నేను ఆఖర్ల తెరిచిన. లోపలికి పోయినోళ్ల పేర్లు గేటు మీద లేవు. పిల్లల పనిల తప్పు లేదు."

ఇంటికి చుట్టం వస్తున్నాడంటే ఉన్నదంతా బయటపడేసి కడిగే మనిషి. కంప్యూటర్‌నూ అలాగే కడిగేసింది. ఈసారి గేటు తెరిచి ఉండగా ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఇవతలికి వచ్చి ఆ ఉత్త పిలుపు పిలిచింది. "రెడీ అండ్ వెయిటింగ్" అని పడింది. అప్పుడు లేచి కుర్చీ ఆ పిల్లకు ఇచ్చింది. మెండోర బస్సు టైం తెర మీదికి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని చూసి, తన బస్సు కూడా అడగమని నవ్వాడు.

వెళ్లేముందు ఆయన ఆపాను ఒక మాట అడిగాడు. తాను చాలన్నాక కూడా ఎందుకు ఆపారు, గుర్తింపు పోయుంటే ఏం చేసేవాళ్లు అని.

"మీరు సంతకం చేసి పోతరు సార్. పని ఎట్లున్నదో పిల్లలకు తెలుస్తది గద" అంది.

ఆయన తప్పు జరిగిందని రాశాడు, అది ఎలా పట్టుకున్నారో కూడా రాశాడు. జవాబు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. భాయ్‌సాబ్ పోస్ట్‌మన్ కనబడితే చాలు డ్రమ్ము ఆపేసి రోడ్డు మీదికి వచ్చేవాడు. ఆపా మాత్రం పాఠాలు చెప్పుకుంది. గుర్తింపు వచ్చింది. ఆ సాయంత్రం రింగులన్నీ అయ్యాక కూడా ఫోను మోగుతూనే ఉంది. సంతోషం ఆపుకోలేక అమ్మాయిలు మళ్లీ మళ్లీ రెండేసి రింగులు ఇచ్చారు. ఆపా ఒక్కటీ ఎత్తలేదు. ఫోను ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె కూడా భయపడిందని.

నాకు నిజామాబాద్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు బస్సెక్కించడానికి వచ్చి, "చేరినంక రింగ్ ఇయ్యి" అంది. ఇచ్చాను. కాసేపటికి నా ఫోను రెండుసార్లు మోగి ఆగింది. మర్నాడు సాయంత్రం ఆమే మోగించింది, నేను తిరిగి ఇచ్చాను. ఇద్దరం అనుకుని పెట్టుకున్నది కాదు, అలా నిలిచిపోయింది. కబుర్లు సెలవుల్లో వెళ్లినప్పుడే. రోజూ మాత్రం ఇద్దరం ఉన్నామని, వింటున్నామని తెలిస్తే చాలనిపించేది. నా జీవితంలో అంత తక్కువ అడిగిన మనిషి ఇంకొకరు లేరు.

గుండె జబ్బు అని తేలాక ఆమె మెట్లు ఎక్కడం తగ్గించింది. రింగులు కాస్త ఆలస్యంగా వచ్చేవి. దవాఖానలో ఉన్న రోజుల్లో అసలు వచ్చేవి కావు. ఇంటికి చేరిన సాయంత్రం మళ్లీ మోగేవి. ఆమె పరిస్థితి ఎలా ఉందో ఎవరినీ అడగకుండానే నాకు తెలిసిపోయేది.

ఆ ఆదివారం ఫోను రాగానే బయల్దేరి వెళ్లాను. ఆపాను చూశాను. మొహం ప్రశాంతంగా ఉందని అందరూ అన్నారు. నాకైతే పాఠం చెప్పడానికి లేవబోతున్నట్టే ఉంది. మెండోర అమ్మాయి కూడా వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మగవాళ్లు ఆపాను తీసుకుపోయాక మేమిద్దరం పైకి పోయి కంప్యూటర్ల ముసుగులు సరిచేసి కిందికి వచ్చాం. ఇంకేం చేయాలో మాకు తోచలేదు.

తర్వాత కొన్నాళ్లు సాయంత్రం కాగానే నేను వేరే గదిలోకి వెళ్లిపోయేదాన్ని. మోగని ఫోను ఎదురుగా ఉంటే చూడలేకపోయాను. పోయినవాళ్ల కోసం నలభయ్యోనాడు చదివే ఫాతెహా కూడా అయిపోయింది. ఆ మర్నాడు దీపం పెడుతుంటే ఫోను మోగింది. రెండోసారి మోగింది. మూడో రింగు కోసం చేతిలో అగ్గిపుల్లతోనే నిలబడ్డాను. ఆగిపోయింది. నేను ఆర్మూర్ నంబరు నొక్కి, రెండు రింగులు విని పెట్టేశాను. అటు ఎవరూ ఎత్తలేదు.

ఆ వారం ఆర్మూర్ వెళ్లాను. కింద డ్రమ్ము తిరుగుతోంది. భాయ్‌సాబ్ దూరం నుంచే చెయ్యెత్తి, పైకి పో, ఛాయ్ పంపిస్తానని సైగ చేశాడు. ఫోను సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. పైన గదిలో కంప్యూటర్ల మీద ముసుగులు అలాగే ఉన్నాయి. ఫోను అదే చోట ఉంది. దాని బటన్లు కొన్ని తెల్లగా ఉన్నాయి, కొన్నిటి మీద పసుపు వేలిముద్రలు పడి ఉన్నాయి. పసుపు అంటినవన్నీ నా నంబరులోని అంకెలే.

ఆపా ఎప్పుడూ తుడిచే గుడ్డ పక్కనే ఆరేసి ఉంది. నేను తుడవలేదు.