బోర్డు మీద రాయని కొలత

ఒక సంస్థవాళ్లు మా ఊళ్లో బోర్ల నీళ్లు పంచుకునే పథకం పెట్టినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. కొత్త బోరు వేయకూడదు, ఉన్న బోర్లను పైపులతో కలపాలి, నీటి మట్టాన్ని చూసుకునే పైరు పెట్టాలి. చేతిరాత బాగుంటుందని మట్టం కొలిచే పని నాకిచ్చారు. ప్రతి సోమవారం బోరులోకి టేపు దించేదాన్ని. నీళ్లు తగలగానే అది కీచుమనేది. ఎన్ని అడుగుల లోతో పాల కేంద్రం గోడ మీది బోర్డులో రాసేదాన్ని. నలుగురిలో మాట్లాడక్కరలేని పని కాబట్టి నాకు నచ్చింది.

ఒకసారి ఆఫ్రికా నుంచి కొందరు చూడటానికి వచ్చారు. తమ ఊళ్లో పెట్టిన చేతిపంపు, పెట్టినవాళ్లు వెళ్లిపోయాక తుప్పు పట్టిపోయిందని వాళ్లలో ఒకామె చెప్పింది. "వీళ్లు పోయాక ఇక్కడ ఎవరు చూస్తారు?" అని అనువాదకుడితో అడిగించింది.

మా చిన్నాయన నన్ను చూపించాడు. "ఈ పాప ఉండాది కదా. నోరు తెరవదు గానీ పని తప్పదు."

అందరూ నవ్వారు. నేను తలూపాను.

సంస్థవాళ్లు వెళ్లిన రెండో ఏడు వానలు సరిగా పడలేదు. చిన్నాయన వరి నారు పోసే రోజు పొద్దున కొలిస్తే మట్టం శానా దిగిపోయింది. సుద్దముక్క పట్టుకుని బయలుదేరుతుంటే అవ్వ ఆపింది.

"విత్తనం గంప ఇల్లు దాటుతాంటే నీళ్లు దిగిపోయినాయని చెప్తారామ్మే? రేపు రాసుకో పో."

విత్తనం బయటికి పోయేటప్పుడు మా ఇళ్లలో చెడ్డమాట అనరు. ఆగిపోయాను. చిన్నాయన బోర్డు మీది పాత అంకె చూసుకునే రెండెకరాలకు నారు పోశాడు. మరునాడు రాస్తే నిన్న ఎందుకు రాయలేదని అడుగుతారు. ఆ అంకెను నా డైరీలో రాసుకున్నాను. తర్వాతి మూడు సోమవారాలూ అంతే. ఈలోగా నాట్లు పడిపోయాయి.

ఉన్న నీళ్లు వరి తాగేసింది. ఎండలు ముదిరేసరికి చిన్నాయన పదేళ్లు పెంచిన చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, కాయలతోనే ఎండిపోయాయి. వాటిని కొట్టించే రోజు తోటకు పోయి డైరీ ఆయన చేతిలో పెట్టాను. అంకెల మీద వేలు జరుపుతూ నెమ్మదిగా చదివాడు.

"ఇంత బాగా రాసి పెట్టుకోనుండావే. నాకొక్క మాట చెప్పింటే ఆ నారు దున్నేసి కొర్ర చల్లుకుంటాంటి గదమ్మా."

తిట్టినా బాగుండేది. డైరీ నాకిచ్చేసి, గొడ్డళ్లు పట్టుకుని నిలబడ్డవాళ్ల దగ్గరికి పోయి, మొదట ఏ చెట్టు కొట్టాలో చూపించాడు.