పత్తి మిల్లులో పరుగు

ఆ రోజుల్లో బస్సు వెళ్లిపోతుంటే తప్ప పరుగుతో నాకు పనిలేదు. ఇరవై ఏడేళ్ల వయసు, చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో కాటా గుమాస్తా ఉద్యోగం. పొద్దున్నే కుర్చీలో కూర్చుంటే పత్తి లారీలు ఒకదాని వెనక ఒకటి కాటా మీదికెక్కేవి, నేను తూకం చీటీ రాసి కిటికీలోంచి అందించేవాణ్ణి. లారీలు కదిలేవి, నేను కదిలేవాణ్ణి కాదు. సాయంత్రం గేటు ఎదురుగా బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తినేవాణ్ణి (ఎన్నని అడక్కండి). ఏడాది తిరిగేసరికి ప్యాంట్లన్నీ బిగుతైపోతే, "మా వాడికి మిల్లు నీళ్లు పడ్డాయి" అని అమ్మ మురిసిపోయింది.

ఆ మురిపెం ఎక్కువ కాలం నిలవలేదు. మిల్లులో పెట్టిన హెల్త్ క్యాంపులో డాక్టరమ్మ నా రక్తం చూసి, షుగరు గడప దాకా వచ్చి నిలబడింది, ఆదమరిస్తే లోపలికొస్తుంది అని చెప్పింది. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే చెప్పక తప్పలేదు. మా నాన్నకి ఉండేది. నేను ఇంటరు చదివేటప్పుడు మిరప చేలో మందు కొడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. ఆయనకి అప్పటికి నలభై నిండలేదు. ఆ రిపోర్టు ఇంటికి తీసుకెళ్తే అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని, "నువ్వు కూడా నన్ను ఒంటిదాన్ని చేసి పోమాకరా" అంది.

ఆ భయంలో ఫోన్లో వెతికితే ఒక వీడియో దొరికింది. ముప్పై సెకన్లు ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తాలి, నాలుగు నిమిషాలు నెమ్మదిగా నడవాలి, మళ్లీ ముప్పై సెకన్లు. అలా నాలుగైదు సార్లు, వారానికి మూడు రోజులు. రోజూ చాలాసేపు చెమటోడ్చేవాళ్లకి వచ్చే దమ్ము ఇలా కూడా వస్తుందనీ, షుగరు కూడా అదుపులోకి వస్తుందనీ అందులో కుర్రాడు చెప్పాడు. గుండె జబ్బున్న ఇళ్లవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోవాలని కూడా చెప్పాడట (అక్కడిదాకా నేను చూడలేదు). మధ్యాహ్నం భోజనానికి అరగంట విరామం ఎటూ ఉంది, మిల్లు ఆవరణ విశాలంగా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

పత్తి మిల్లులో ఎవరూ పరిగెత్తరు. గేటు దగ్గరే అగ్గిపెట్టెలు లాక్కునే చోటది, నిప్పురవ్వ పడితే కొండంత పత్తి బూడిదైపోతుంది. ఓనరు పిలిచినా నడిచే వెళ్తారు. అక్కడ మనిషి పరిగెత్తాడంటే ఒకటే అర్థం. మూడేళ్లుగా అక్కడే పనిచేస్తున్న నాకు ఆ సంగతి తెలియక కాదు, ఆ ముప్పై సెకన్లూ గుర్తు రాలేదు.

ప్యాంటు మడమల పైకి మడిచి, ఫోన్లో టైమరు పెట్టి, కాటా దగ్గర్నుంచి పత్తి కుప్పల వైపు నోరు తెరుచుకుని పరుగు లంకించుకున్నాను. రేకుల షెడ్డు కింద క్యారేజీలు విప్పుకున్న ఆడకూలీల్లో ఒకావిడ లేచి, "అమ్మో, అంటుకుందే!" అని కేక పెట్టింది. అంతే. అన్నాలు అక్కడే వదిలేసి అందరూ లేచారు. ఎవరో కరెంటు మెయిన్ ఆపేశారు, ఎవరో నీళ్ల పైపు లాగారు, ఇసుక బకెట్లు కదిలాయి. వెనక కేకలు విని నిజంగానే ఎక్కడో అంటుకుందనుకుని నేను ఇంకా వేగం పెంచాను. నా జన్మలో అంత బాగా పరిగెత్తింది అదొక్కసారే. చివరికి కుప్పల దగ్గర అందరం నిలబడి "ఎక్కడ? ఎక్కడ?" అని ఒకర్నొకరం అడిగాం.

నవ్వులు మొదలయ్యేలోపే కూలీల మేస్త్రి, మిల్లులో అందరం బాబాయ్ అని పిలిచే ఆయన, వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చిన్నప్పట్నుంచీ పత్తి నూగు పీల్చిన ఊపిరితిత్తులు, నాలుగు మెట్లెక్కితే ఆగి నిలబడే మనిషి. రెండు చేతుల్లో రెండు ఇసుక బకెట్లతో పరిగెత్తుకొచ్చి, మంట లేదని చూసి, బకెట్లు వదలకుండానే నేల మీద కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది, గాలి అందటం లేదు. నాన్న పడిపోయినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, చూడలేదు. ఆ రోజు చూసినట్టే అయింది. ఆటోలో ఆయన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆస్పత్రి దాకా ఏడుస్తూనే ఉన్నాను.

అదే డాక్టరమ్మ. ఆక్సిజన్ పెట్టి, ఈసీజీ తీసి, గుండెకేం కాలేదు, ఊపిరితిత్తులకి మందులు వాడాలి అంది. తర్వాత అసలు సంగతి విని నా వైపు తిరిగింది. "మీ నాన్న గుండె జబ్బుతో పోయాడని నాకు చెప్పి, ఏ పరీక్షా లేకుండా అంత పరుగు పరిగెత్తావా? ముందు రెండు నెలలు నడువు. తర్వాత చూద్దాం" అని నన్నూ అదే బల్ల మీద పడుకోబెట్టి ఈసీజీ తీసింది. అదృష్టం, బాగానే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బాబాయ్ నా వైపు తిరిగాడు. "ఎందుకురా అట్టా పరిగెత్తావ్?" అన్నాడు.

"చచ్చిపోతానేమోనని భయమేసింది బాబాయ్."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నువ్వు బతకడానికి నన్ను చంపబోయావంట్రా! రేపట్నుంచి కలిసి నడుద్దాం పద. ఎప్పుడన్నా పరిగెత్తితే మాత్రం చెప్పి పరిగెత్తు."

రెండు నెలలు నడిచాం. తర్వాత డాక్టరమ్మ సరేనంది, ఓనరు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ కేక పెట్టినావిడే ముందుగా, "గుమాస్తా గారు పరిగెడతన్నారు, ఎవరూ లేవమాకండి!" అని అరవాలి. నేను పరిగెత్తేటప్పుడు బాబాయ్ రాయి మీద కూర్చునేవాడు, నడిచే నాలుగు నిమిషాలూ నాతో నడిచేవాడు. కొన్నాళ్లకి నా షుగరు గడప దిగింది. పరుగు వల్లనా, బజ్జీలు మానడం వల్లనా అని అడిగితే, "ఏదైతేనేం, మళ్లీ మొదటికి రాకు" అంది డాక్టరమ్మ.

ఈ ఏడు నాకు నలభై నిండాయి. బాబాయ్ పోయి రెండేళ్లయింది, ఇప్పుడు నడిచే నాలుగు నిమిషాలూ ఒక్కణ్ణే నడుస్తున్నాను. నోరు తెరుచుకుని మిల్లు మిల్లంతా వెంట రాగా పరిగెత్తిన ఆ బొద్దు గుమాస్తా గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. పుట్టినరోజు పొద్దున్నే నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న చూడని వయసులోకి నేను వచ్చానని ఇద్దరికీ తెలుసు. "మెల్లగా పరిగెత్తరా" అంది. ఇందులో మెల్లగా పరిగెత్తే పద్ధతి లేదని ఆవిడకి చెప్పబుద్ధి కాలేదు. అలాగేనమ్మా అన్నాను.